పదకొండో వేలు

"మిగతా అందరినీ" అంటే దేవుడికి ఎలా చేరుతుంది, ఒక్కొక్కరుగానా, మూటగానా? ఈ సందేహం ఆమెను ఏడేళ్ళ వయసులో పట్టుకుంది. జలుబులా వచ్చి పోయే రకం కాదు, పుట్టుమచ్చలా ఉండిపోయింది. ఆమెతో పాటు బడికి వచ్చింది, కాలేజీకి వచ్చింది, పెళ్ళయ్యాక కొత్త ఇంటికీ పిలవకుండానే వచ్చింది. రోజూ పొద్దున్న కళ్ళు మూసుకుని ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ చెప్పుకుని, చివర "మిగతా అందరినీ చల్లగా చూడు స్వామీ" అనేసరికి అది నెమ్మదిగా లేచి కూర్చుంటుంది. పెద్దవాళ్ళను అడిగితే ఆయనకు అన్నీ తెలుసులే అన్నారు. ఆయనకు తెలుసు, సంతోషం, మరి తనకు తెలియొద్దూ? అయినా ఇది ప్రార్థన వేళ కాదు, మధ్యాహ్నం రెండు దాటి ఐదు నిమిషాలు. ఆఫీసు మూడో అంతస్తులో కిటికీ పక్క కుర్చీలో అరికాళ్ళు నేలకు ఆనించి కూర్చుంది, ఎదురుగా తెర మీద మూడు శాతం అని ఒక అంకె. తన పని వేగం కొలిచే పరీక్ష అది, నూరు కావడానికి యాభై నిమిషాలు పడుతుంది. మూడింటికి పెద్దాయన వస్తారు. ఈ లోపల చెయ్యడానికి ఏమీ లేదు, గుండె మాత్రం పరుగుపందెంలో గెలుస్తున్న పిల్లదానిలా కొట్టుకుంటోంది. నలభై ఏడేళ్ళ గుండె, సిగ్గుండాలి దానికి.

మూడింటికి పెద్దాయన ముద్ర వేస్తారు, లేదా కొట్టేస్తారు. మూడేళ్ళ పని. వీళ్ళు చేసేది ఒక ప్రోగ్రామింగ్ భాషకు లైబ్రరీ, అంటే ఆ భాషలో రాసే వాళ్ళందరి చేతికీ అందే సామాను. గరిటె లాంటిది. ఎవరు చేశారో ఎవరికీ తెలియదు, లేకపోతే మాత్రం పూట గడవదు. నోరు జారిన మాట, లైబ్రరీలో విడుదలైన పేరు, రెండూ ఒకటే, మళ్ళీ వెనక్కి రావు. లక్షలమంది వాటి మీద ఇళ్ళు కట్టేసుకుంటారు. అందుకే పెద్దాయన అంత గట్టి మనిషి. ఇంతకీ ఆమె అడుగుతున్నది పెద్ద సంగతేం కాదు, వింటే నవ్వొస్తుంది. ప్రోగ్రాం రాసేవాడి చేతిలో మూడో నాలుగో వస్తువులుంటాయి, వీటిని వరసలో పెట్టి ఒక లిస్ట్ చేసి ఇవ్వండి అంటాడు. ఇప్పటిదాకా ఆ పనికి ఒకే తలుపు, ఎన్నయినా పట్టే పెద్ద తలుపు. కన్‌స్ట్రక్టర్ అనండి, తలుపు అనండి. ఒకటి తెచ్చినా నలభై తెచ్చినా ఆ తలుపు దగ్గర ముందు మూట కట్టాలి. ఆఫీసులో దాన్ని అర్రే అంటారు, మూట అనుకుంటే చాలు. ఆ మూట కట్టేది బయటివాడి వైపు, కాబట్టి లోపలివాళ్ళకు దాని మీద నమ్మకం ఉండదు. ఇచ్చినవాడు మూట కొస చేతిలోనే ఉంచుకుని రేపు అందులో ఒకటి మార్చేస్తే? అందుకని లోపల దాన్ని విప్పి, తమ చేత్తో ఇంకో మూట కట్టి, మొదటిదాన్ని చెత్తలో పారేస్తారు. ఒక్క వస్తువు తెచ్చినవాడికి కూడా రెండు మూటలు! రోజుకు కోట్లసార్లు! చెత్త ఎత్తిపోయడానికే కంప్యూటర్ నడుము విరుగుతుంది. ఆమె అన్నది ఇంతే: పేరు అదే ఉంచి చిన్న తలుపులు పెడదాం. ఏమీ లేనివాడికి ఒకటి, ఒకటి తెచ్చినవాడికి ఒకటి, రెండు తెచ్చినవాడికి ఒకటి, అలా పది దాకా. వీటిని ఓవర్‌లోడ్లు అంటారు. పేరులో భారం వినిపిస్తుంది గానీ నిజానికి ఇవి భారం దించేవి. చేతులతో తెచ్చింది చేతులతోనే అందుకుంటాం, లోపల ఒక్కసారే సర్దుతాం, బయటి మూట అసలు పుట్టదు. ఇక ఏమీ లేనివాడికైతే ఆ సర్దడం కూడా లేదు. ఖాళీ లిస్ట్ ఒకటి ముందే చేసి పెట్టి ఉంటుంది, లక్షమంది వచ్చినా ఆ ఒక్కదాన్నే చూపిస్తాం. లేమి ఎవరిదైనా ఒకటే కదా! ఈ మాట తట్టిన రోజు ఆమె బస్సులో ఉంది, దిగాల్సిన చోటు దాటిపోయి రెండు స్టాపులు వెనక్కి నడిచింది, నడుస్తున్నంతసేపూ నవ్వుతూనే ఉంది, ఎదురొచ్చినవాళ్ళు పక్కకు తప్పుకున్నారు.

పంతొమ్మిది శాతం. కిటికీ అవతల ఎదురు మేడ మీద ఎవరో దుప్పట్లు ఆరేస్తున్నారు, తడి దుప్పటి గాలికి ఉబ్బి మళ్ళీ తీగకు అతుక్కుంటోంది. కప్పులో కాఫీ చల్లారి మీగడ కట్టింది. నిన్న ఇదే గదిలో పెద్దాయన ఆమె కాగితాలు పక్కకు పెట్టి కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తుకున్నారు. ఆయన కళ్ళజోడు పైకెక్కిందంటే ఎవరికో మూడిందని అర్థం.

"ఒక ఇంటికి పన్నెండు గుమ్మాలా తల్లీ? దొంగలకి సౌకర్యంగా ఉంటుందనా?"

"తొంభై ఏడు మంది చిన్న గుమ్మాల్లోంచే వస్తారు సార్. వందకి తొంభై ఏడు లిస్టులు పదిలోపే. నేను లెక్కపెట్టాను. ఊరికే చెప్పడం లేదు."

"సరే, పదీ ఎందుకు? ఏడు కాకూడదా? పన్నెండు కాకూడదా?" ఆయన వేలితో బల్ల మీద టకటకమని కొట్టారు. "పది దాకా రాచమర్యాద చేసి పదకొండోవాణ్ణి వెనక గుమ్మానికి తోలేస్తావా? వాడేం పాపం చేశాడు?"

ఆమె చేతిలో జవాబు ఉంది. కాగితం మీద గీత కూడా గీసి ఉంది, పది దాటాక ఆ గీత నేలకు అంటుకుపోతుంది, అంత తక్కువమంది. కానీ ఆ కాగితం మడిచి పక్కన పెట్టేసింది. పదకొండోవాడేం పాపం చేశాడు అన్న మాట ఎవరో గొంతు మార్చి తననే అడిగినట్టనిపించింది. వేగం కొలిచి చూపిస్తాను, రేపు మూడింటికి రండి అని మాత్రం అంది. కొలత బాగుంటే ముద్ర వేస్తాననీ, ఏ తలుపైనా పరీక్షకు నిలబడకపోతే పన్నెండూ కలిపి కొట్టేస్తాననీ ఆయన అన్నారు. మధ్యేమార్గం అనేది ఆయన జాతకంలో లేదు.

పదకొండు. నాయనమ్మకు పది వేళ్ళు. అందరికీ పదే, కానీ నాయనమ్మ వేళ్ళు ఖాళీగా ఉండేవి కావు, ఒక్కో వేలికీ ఒక్కో మనిషి. చీకట్లోనే లేచి గోడవారగా కూర్చుని చెప్పుకునేది. కుడి బొటనవేలు తాతయ్య, చూపుడువేలు పెదనాన్న, నడిమివేలు పెద్దమ్మ, ఉంగరపువేలు నాన్న, చిటికెన వేలు అమ్మ. ఎడమచేతికి వస్తే బొటనవేలు బాబాయి, తర్వాత పెద్దన్నయ్య, చిన్నన్నయ్య, అక్క, చివరి చిటికెన వేలు తను, ఇంట్లో అందరూ చీమ అని పిలిచే చిన్నపిల్ల. అంతటితో పదీ నిండేవి. అప్పుడు రెండు చేతులూ జోడించి "మిగతా అందరినీ చల్లగా చూడు స్వామీ" అనేది. ఆ మిగతాలో వీధి మొత్తం ఉండేది, పక్కింటివాళ్ళు, వాళ్ళ కుంటి కుక్క, ఉత్తరాలు తెచ్చే ఆయన, ముఖం చూడని చుట్టాలు. తరవాత బాబాయికి పెళ్ళయింది, పిన్ని వచ్చింది. నాయనమ్మ లెక్కకి పదకొండో మనిషి. వేళ్ళు అయిపోయాయి. పిన్ని పొడుగ్గా, కళ్ళతో నవ్వుతూ, వచ్చిన మూడో రోజుకే చీమ జడ వేసే పని తనమీద వేసుకుంది. నాయనమ్మ వేళ్ళ లెక్క వింటూ, చీమ చెవిలో "నేను మిగతాలో ఉన్నాన్లే, కుక్క పక్కన" అని గుసగుసలాడింది. నవ్వుతూనే అంది. చీమ కూడా నవ్వింది. అంతకన్నా ఏం తెలుసు ఏడేళ్ళకి?

ఆ తర్వాత కళ్ళజోడు సంగతి. నాయనమ్మ కళ్ళజోడు కుర్చీలో ఉంది, చీమ వెనక్కి చూడకుండా కూర్చుంది, ఫట్ మంది. ఆ చప్పుడు ఇప్పుడు కూడా నడుం కింద వినిపిస్తుంది. నాయనమ్మ వచ్చి నిలబడింది, ఎవరు విరగ్గొట్టారు అంది. ఆ గొంతుకి గోడమీద బల్లి కూడా ఆగిపోయేది. వెనక నుంచి పిన్ని "నేనే అత్తయ్యా, తుడుస్తుంటే చెయ్యి జారింది" అంది. ఇంట్లోకి వచ్చి మూడు నెలలు కాలేదు, ఎంత ధైర్యం! నాయనమ్మ ఎనిమిది రోజులు పిన్నితో మాట్లాడలేదు. ఆ మొదటి రోజు మధ్యాహ్నమే పరుపులు పేర్చిన గదిలో చీమ వెళ్ళి పిన్ని నడుం చుట్టుకుని, "పిన్నీ, నా చిటికెన వేలు నీకిచ్చేస్తా" అంది. పిన్ని ఉలిక్కిపడి "కోసి ఇస్తావా ఏంటే రాక్షసీ?" అంది. కాదు, దేవుడి దగ్గర వేలు, నాయనమ్మ లెక్కలో నా వేలు నీది, నేను కుక్క పక్కకి పోతా. పిన్ని ఆ చిటికెన వేలు పట్టుకుని కాసేపు ఊపి "సరే, బాకీ" అంది. చీమ మాట తప్పే పిల్ల కాదు, తిన్నగా నాయనమ్మ దగ్గరికే వెళ్ళింది. నాయనమ్మ ఒప్పుకోలేదు. "చెప్పిన వరస చెప్పినట్టే ఉండాలే. ఇన్నేళ్ళుగా ఆయన ఆ వరసకి అలవాటు పడ్డాడు. ఇప్పుడు నేను వేలు మారిస్తే నీకు రావలసింది దానికి పోతుంది, దానికి రావలసింది నీకొస్తుంది, ఎందుకొచ్చిన గొడవ?" అంది. ఓరి దేవుడా! ఆమె ఆఫీసు కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఇది పెద్దాయన మాటే కదా, విడుదలైన పేరు మార్చకూడదు, జనం దానిమీద ఇళ్ళు కట్టుకున్నారు! నాయనమ్మ ఒక్క రోజు ఈ ఆఫీసులో కూర్చుని ఉంటే పెద్దాయన కళ్ళజోడు పైకే ఎక్కేది కాదు. పది దాకా ఒక్కొక్కరికీ ఒక్కో వేలు, ఆపైన అందరికీ కలిపి ఒక దండం. పది దాకా చిన్న తలుపులు, ఆపైన ఒక పెద్ద తలుపు. మూడేళ్ళుగా తను కట్టింది నాయనమ్మ చేతులనా?

ఆ బాకీ మాత్రం తీరలేదు. పెద్దయ్యాక తనే వేళ్ళ మీద చెప్పుకోవడం మొదలుపెట్టింది, అలవాటు అలాంటిది. కట్టుకున్నాయన, ఇద్దరు పిల్లలు, అమ్మ, నాన్న, అత్తగారు, మామగారు, అక్క, ఇద్దరన్నయ్యలు. చూస్తే మళ్ళీ పదే! ఎవరు లెక్కపెట్టి ఇచ్చారో గానీ, పిన్ని మళ్ళీ చేతుల బయటే. ఎవరినో ఒకరిని తీసేసి పెడదామంటే ఏ వేలు ముడవాలి? అత్తగారినా? అమ్మో. ఫోన్ చేసినప్పుడల్లా పిన్ని అడుగుతూనే ఉంది, "నా వేలు ఎప్పుడిస్తావే చీమా?" అని. నలభై ఏళ్ళుగా అదే నవ్వు. నవ్వుతూ అడిగే బాకీ ఉందే, అది తీర్చడానికి ఎప్పుడూ రేపే దొరుకుతుంది.

ముప్పై ఎనిమిది శాతం. తలుపు దగ్గర దగ్గు వినిపించింది. తప్పులు పట్టే పనిలో ఉన్న మనిషి, ఆఫీసంతా గూఢచారి అంటారు, రిటైర్మెంటుకి రెండేళ్ళుంది, పిల్లిలా నడుస్తాడు, పాపం తెలియజెయ్యడానికే దగ్గుతాడు.

"చెల్లెమ్మా, ఏడవనంటే ఒకటి చెబుతా."

"మూడింటి దాకా ఏడవను. ఆ తర్వాత పూచీ లేదు. చెప్పండన్నయ్యా."

"ఒకటి కాదులే, రెండు." అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నీ ఒకటి తలుపు దగ్గరికి నేనొక మూట తీసుకెళ్ళాను. అర్రే. లోపల ఐదున్నాయి, కానీ మూట ఒకటే కదా. ఒకటి తలుపులోంచి లోపలికి పోవాలి. పోలేదు. గుమ్మాల దగ్గర కాపలా కాసే కంపైలర్ చూసింది, ఇది పెద్ద తలుపుకి అచ్చంగా సరిపోతుందని అటు పంపింది. అక్కడ వాళ్ళు మూట విప్పేసి ఐదింటినీ విడివిడిగా పెట్టేశారు. నేనడిగింది ఒక మూట ఉన్న లిస్ట్. వచ్చింది ఐదున్న లిస్ట్."

ఆమె ఆ మాట కాగితం మీద రాసుకుంది. "రెండోది?"

"ఒకటి తలుపుకి నువ్వు టెస్టే రాయలేదు. సున్నాకి ఉంది, రెండుకి ఉంది, మూడుకి ఉంది, పదికి ఉంది, పదకొండుకి కూడా ఉంది. ఒకటికి టెస్టు పేరు మాత్రం రాసి లోపల ఖాళీ వదిలేశావు. నలభై ఏళ్ళుగా చూస్తున్నా, అందరూ ఇక్కడే పడతారు. సున్నా దగ్గర భయపడి జాగ్రత్తగా ఉంటారు, ఒకటి దగ్గర ధీమా."

"పెద్దాయనకి చెప్పారా?"

"చెబితే నీకు ఈ అరగంటా మిగలదు," అని లేచి, చల్లారిన కాఫీ కప్పు ఆమె ముందునుంచి తీసి దూరంగా పెట్టి, వచ్చినట్టే పిల్లిలా వెళ్ళిపోయాడు.

ధీమా కాదు. ధీమా అయితే బాగుండును. ఆ ఖాళీ ఎందుకుందో ఆమెకు తెలుసు. టెస్టులు రాసేటప్పుడు వస్తువులకు పేర్లు కావాలి, అందరూ ఒకటి రెండు మూడు అనో, పళ్ళ పేర్లో పెడతారు, ఆమె ఇంట్లోవాళ్ళ పేర్లు పెట్టింది. పది తలుపు టెస్టులో తాతయ్య నుంచి చీమ దాకా నాయనమ్మ వరస అక్షరం తప్పకుండా ఉంది. పదకొండు టెస్టులో ఆ పదీ, చివర పిన్ని. రెండు దగ్గర అమ్మానాన్నలు. కానీ ఒకటి దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఒక్కరి పేరే రాయాలి, ఎవరిది? ఆయనది రాస్తే పిల్లలు, పిల్లల్లో ఒకరిది రాస్తే రెండోవాళ్ళు. టెస్టుకి ఏ పేరైనా ఒకటే, కంప్యూటరేమైనా అలుగుతుందా? అలగదు, అది ఆమెకు తెలుసు, అయినా తర్వాత చూద్దాం అని వదిలేసింది, ఆ తర్వాత మూడు నెలలైంది. సరే, టెస్టు రాయడానికి ఒక్క నిమిషం. మూట సంగతో? అది తప్పా, ఒప్పా? ఒకటే మూట, కానీ లోపల ఐదుగురు. విప్పాలా, విప్పకూడదా? కాళ్ళ కింద నేల చల్లగా ఉంది. ఈ ప్రశ్న ఎక్కడో విన్నాను అనుకుంది. ఎక్కడో ఏమిటి!

ఫోన్ మోగింది. పిన్ని. పిన్నికి తలుచుకున్నప్పుడే టక్కున ఫోన్ చేసే గుణం ఉంది.

"చీమా, నీ పరదాలు కుట్టేశానే. ఎప్పుడు పట్టుకుపోతావు? వాటి మధ్యలోంచి నడవలేక చస్తున్నా." మాట ముద్దముద్దగా వస్తోంది. పిన్నికి సొంత కుట్టు దుకాణం ఉంది, అరవై ఆరేళ్ళు, ఇప్పటికీ పరదాలు ఆవిడ కుట్టినట్టు ఎవరూ కుట్టరు.

"పిన్నీ, నోట్లో ఏంటి?"

"గుండుసూదులు."

"ఎన్ని?"

"ఇదేం ప్రశ్నే?"

"చెప్పు పిన్నీ, చాలా ముఖ్యం."

"నాలుగు."

"పక్కన డబ్బా లేదా?"

"ఎందుకు లేదు? నాలుగు సూదులకి డబ్బా ఎత్తి, మూత తీసి, వాటిని అందులో పోసి, మళ్ళీ అందులోంచి ఏరి... నాకేం వేరే పని లేదనుకున్నావా? పరదా మొత్తం కుట్టాలంటే డబ్బా. నాలుగైదు కుచ్చులకి మూతే చాలు, ఈ మూతి."

"మూతిలో ఎన్నిదాకా పడతాయి?"

"పడతాయి గానీ ఎక్కువ పెడితే మాట్లాడలేను. మాట్లాడకుండా నేనుండలేను."

ఆమె పగలబడి నవ్వింది, పక్క గదిలో ఎవరో తల తిప్పారు. పెద్దాయనా, వింటున్నారా, పది ఎందుకో! ఎక్కడో ఒకచోట ఆపాలి, ఎక్కడ ఆపాలో పని చేసే నోటికి తెలుసు. నవ్వు ఆగేలోపే, తనకు తెలియకుండానే, "పిన్నీ, నాయనమ్మ మిగతా అందరినీ అన్నప్పుడు నీకు బాధగా ఉండేదా?" అని అడిగేసింది. అవతల ఒకటి, రెండు, మూడు, నాలుగు, సూదులు గాజుపలక మీద పడ్డ చప్పుడు.

"ఉండేది. అబద్ధమెందుకు? కొత్తలో ఉండేది," అంది పిన్ని, ఈసారి మాట స్పష్టంగా ఉంది. "తర్వాత ఒకరోజు నీళ్ళు పట్టుకుని పక్కనుంచి వెళుతూ చూశాను. మిగతా అందరినీ అని చేతులు జోడించేసింది కదా, అయిపోయిందనుకున్నాను. పెదాలు ఆగలేదే. చాలాసేపు కదులుతూనే ఉన్నాయి. ఒక్కొక్కళ్ళ పేరూ అనుకుంటున్నట్టు."

"ఏమంటోంది?"

"వినపడితే కదా. అడుగుదామనుకున్నా గానీ, అడిగితే మళ్ళీ ఎనిమిది రోజులు మాట్లాడదేమోనని." పిన్ని నవ్వింది. "ఇంతకీ నా వేలు?"

"ఇస్తా పిన్నీ. ఇవాళే."

"వద్దులేవే, ఉన్న పదింటికే సూదులు గుచ్చి చిల్లులు పెట్టుకున్నా. పదకొండోది కూడానా! పరదాలు పట్టుకుపో ముందు," అని పెట్టేసింది.

అరవై ఒకటి. అరవై రెండు. ఆమె లేచి నిలబడింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. ఎదురు మేడ మీద దుప్పట్లు ఆరి తేలికై ఎగురుతున్నాయి. పెదాలు ఆగలేదు. నాయనమ్మ మూట కట్టి దేవుడి తలుపు ముందు పడేసి వెళ్ళిపోలేదు, తనే కూర్చుని విప్పింది. లేక విప్పడం ఆయన పనేనని తెలిసి, పెదాలతో ఊరికే తోడు వెళ్ళిందా? ఎవరికి తెలుసు? కానీ కంపైలర్! గూఢచారి తప్పు అన్నది తప్పే కాదు! ఒక మూట చేతికిస్తే, ఇది మూట, దీన్ని విప్పకండి అని ఇచ్చినవాడు గట్టిగా చెబితే తప్ప, భాష దాన్ని విప్పే తలుపుకే పంపుతుంది. చెప్పకపోతే విప్పడమే నియమం. మూటను మూటగానే ఉంచాలనుకునేవాడు నూటికొకడు, వాడు నోరు విప్పి చెప్పుకోవచ్చు. తక్కినవాళ్ళు మూట ఇచ్చారంటే లోపలివాళ్ళ కోసమే ఇచ్చారు. మనుషులు కూర్చుని రాసుకున్న నియమంలోనే ఇంత దయ ఉంటే, ఆయన నియమం ఇంతకంటే గట్టిపిడికిలిదై ఉంటుందా? ఉండదనే అనిపించింది. ఒట్టేసి చెప్పలేదు, ఎవరూ చెప్పలేరు, కానీ నలభై ఏళ్ళ పుట్టుమచ్చ మీద ఎవరో మెత్తని వేలితో నిమిరినట్టు అనిపించింది. కూర్చుని లైబ్రరీ వివరణలో రెండు వాక్యాలు రాసింది, సాదా మాటల్లో: మూట ఇస్తే విప్పి అందులోని ప్రతి ఒక్కదాన్నీ లిస్ట్‌లో పెడతాం, మూటనే ఒకటిగా ఉంచాలంటే దాని రకం పేరు చెప్పి ఇవ్వండి. కింద ఒక ఉదాహరణ. ఎనభై నాలుగు. తొంభై. గది ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడైనా ఉందా? కంప్యూటర్ లోపల చిన్న ఫ్యాను ఒక్కటే ఈలవేస్తోంది, అది కూడా ఆమె పక్షమే.

నూరు.

అంకెలు వరసగా దిగాయి. ఒకటి దగ్గర పట్టే సమయం సగానికి తగ్గింది. మూడు దగ్గర సగం కన్నా తక్కువ. చెత్త దాదాపు సగం. పది దాకా గెలుపే గెలుపు. పదకొండు దగ్గర ఆమె కళ్ళు మూసుకుని తెరిచింది. నిన్న ఎంతో ఇవాళా అంతే, వెంట్రుకవాసి తేడా లేదు. స్వామీ! అని పైకే అనేసింది.

"పిలిచావా తల్లీ?" పెద్దాయన గుమ్మంలో ఉన్నారు, మూడుకు రెండు నిమిషాలు తక్కువ. వెనక గూఢచారి ముఖం ఏమీ ఎరగనట్టు ఉంది. పెద్దాయన తెర దగ్గరికి వంగి అంకెలన్నీ పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివారు. కళ్ళజోడు నుదుటి మీదికి పోలేదు, ముక్కు మీదే ఉంది.

"మరి పదకొండోవాడు?"

"వాడికేం నష్టం లేదు సార్. నిన్న ఎలా వచ్చాడో ఇవాళా అలాగే వస్తాడు. లోపలికొచ్చాక ఎవరు ఏ తలుపులోంచి వచ్చారో లిస్ట్‌కి గుర్తుండదు. అందరిదీ ఒకటే వరస."

"మూట తెచ్చినవాడు?"

"విప్పుతాం. వద్దంటే వాళ్ళే చెప్పాలి. రాసిపెట్టాను."

ఆయన ఆ రెండు వాక్యాలూ చదివి "ఊఁ" అన్నారు. ఆయన నోట్లోంచి ఊఁ రావడమంటే వేరేవాళ్ళు చప్పట్లు కొట్టడం. తర్వాత వేలు టెస్టుల మీద జరిగింది, సున్నా దగ్గర ఆగి, కిందికి దిగి, మళ్ళీ ఆగింది. "ఇదేంటి, ఒకటి ఖాళీగా ఉందే? ఒక్క తలుపు పరీక్షకి నిలబడకపోయినా అన్నీ కొట్టేస్తానన్నాను."

"ఒక్క నిమిషం సార్. పేరు కోసం ఆగాను."

"దొరికిందా?"

"ఎప్పుడో దొరికింది. నేనే ఇవ్వలేదు."

ఆమె కీబోర్డు మీద చేతులు పెట్టింది. ఒకటి తలుపు టెస్టు తెరిచి, ఆ ఖాళీలో పిన్ని పేరు రాయసాగింది. ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు, కుంటి కుక్క కూడా లేదు, పిన్ని ఒక్కతే. ఇంగ్లీషు కీబోర్డు మీద ఆ పేరులోని చివరి అక్షరం ఎడమచేతి చిటికెన వేలిది. నాయనమ్మ లెక్కలో చీమదైన వేలు. ఆ వేలు ఒక క్షణం ఆగి, ఆ అక్షరం మీద నెమ్మదిగా, బరువుగా దిగింది. పరీక్ష నడిచింది. ఎంతమంది ఉన్నారు అని అడిగితే, ఒక్కరు, అంది తెర. ఎవరు అని అడిగితే పిన్ని పేరు చెప్పింది.